బాక్టీరియా క్రోమోజోము

బాక్టీరియా కణంలో జన్యు సమాచారాన్ని మోసే ప్రధానమైన డి.ఎన్.ఎ. అణువును బాక్టీరియా క్రోమోజోము అంటారు. మొక్కలు, జంతువుల కణాలలో వలె దీనిచుట్టూ కేంద్రక త్వచం ఉండదు. ఇది కణద్రవ్యంలోనే న్యూక్లియాయిడ్ అనే ప్రాంతంలో చుట్టుకొని ఉంటుంది. చాలా బాక్టీరియాలలో క్రోమోజోము ఒక్కటే, అదీ వలయాకారంలో ఉంటుంది. అయితే దీనిని నియమంగా భావించరాదు. కలరా బాక్టీరియాకు రెండు క్రోమోజోములు ఉన్నాయి. స్ట్రెప్టోమైసిస్ ప్రజాతిలో క్రోమోజోము వలయం కాదు, రెండు కొనలున్న పోగు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ పరిశోధనాలయం నుండి వెలువడిన ఆరియోమైసిన్ మందును ఇచ్చినది ఈ ప్రజాతియే.

నిర్మాణం

జన్యుశాస్త్రంలో ఎక్కువగా వాడే ఎషెరీషియా కోలై (ఈ. కోలై) కె-12 రకపు క్రోమోజోములో సుమారు 46.4 లక్షల క్షార జంటలు ఉన్నాయి. దానిని సాగదీస్తే పొడవు 1.6 మిల్లీమీటర్లు. కణం పొడవు రెండు మైక్రోమీటర్లే కనుక, తనకంటే దాదాపు 800 రెట్లు పొడవైన దారాన్ని కణం తనలో ఇముడ్చుకుంటున్నదన్నమాట. మెలికపై మెలిక పడటం వలన, కొన్ని ప్రోటీనులు దానిని మడిచి పట్టుకోవడం వలన ఇది సాధ్యమవుతుంది.

ప్రతికృతి ఒకే స్థానంలో మొదలై రెండు దిశలలోనూ సాగి, వలయానికి ఎదుటి వైపున ముగుస్తుంది. దీనికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కాని మంచి పోషకాలు లభించినపుడు ఈ. కోలై 20 నిమిషాలకు ఒకసారి విభజన చెందగలదు. 40 నిమిషాల పని 20 నిమిషాలలో ఎట్లా పూర్తవుతుంది? మొదటి ప్రతికృతి ముగియక మునుపే రెండవది ఆరంభమవుతుంది. అందుచేత పిల్లకణం పుట్టేసరికే దాని క్రోమోజోములో తరువాతి తరపు ప్రతికృతి కొంత జరిగిపోయి ఉంటుంది.

జన్యు పరిశోధనలో

మనుషులలో ప్రతి జన్యువుకు సాధారణంగా రెండు ప్రతులుంటాయి కనుక ఒకటి చెడినా రెండవది ఆ లోపాన్ని కప్పివేయవచ్చు. బాక్టీరియాలో సాధారణంగా ఒకే ప్రతి ఉంటుంది. ఉత్పరివర్తనం జరిగితే ఫలితం వెంటనే బయటపడుతుంది. పైగా ఒక్క రాత్రిలో కోట్ల కణాలు పెరుగుతాయి. ఈ సౌకర్యం వల్లనే బాక్టీరియా జన్యుశాస్త్రవేత్తలకు ప్రియమైన జీవి అయింది.

బాక్టీరియాల మధ్య జన్యువుల మార్పిడి జరుగుతుందని 1946లో లెడర్‌బర్గ్, టాటమ్ చూపారు. 1950లలో వోల్మన్, జాకబ్ సంయుగ్మంలో ఉన్న కణాలను వంటింటి మిక్సీ వంటి పరికరంలో వేసి, వేర్వేరు నిమిషాల వద్ద విడదీశారు. ఏ జన్యువు ఎన్నో నిమిషంలో రెండవ కణంలోకి చేరిందో చూసి జన్యువుల వరుసను నిర్ణయించారు. అందుకే ఈ. కోలై జన్యు పటాన్ని నేటికీ 100 నిమిషాలుగా విభజిస్తారు. ఈ క్రోమోజోము వలయాకారంలో ఉండటాన్ని 1963లో జాన్ కెయిర్న్స్ ఛాయాచిత్రాలలో చూపాడు. దీని పూర్తి క్షార క్రమం 1997లో వెలువడింది.

రాజేంద్రనగర్, వరి ఎండాకు తెగులు

హైదరాబాదు దక్షిణ శివారులో, మైలార్‌దేవ్‌పల్లి పొరుగున ఉన్న రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ (పూర్వపు వరి పరిశోధనా డైరెక్టరేటు) ఉంది. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకు కారణం జాంథోమోనాస్ ఒరైజే. ఆకు కొన నుండి అంచుల వెంట పసుపుబారి ఎండిపోతుంది, గింజ తాలుగా మారుతుంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అన్నానికి ఎంత పేరుపొందినదో, ఈ తెగులుకు అంత సులభంగా లొంగేది.

ఈ బాక్టీరియా క్రోమోజోములో సుమారు 50 లక్షల క్షార జంటలు ఉంటాయి. దానిలోని 'టాల్' జన్యువులు తయారుచేసే ప్రోటీనులు వరి కణంలోకి ప్రవేశించి, నేరుగా వరి డి.ఎన్.ఎ. పై కూర్చుంటాయి. అక్కడ చక్కెరను కణం వెలుపలికి పంపే జన్యువులను మేల్కొలుపుతాయి. మొక్క చక్కెర బాక్టీరియాకు ఆహారమవుతుంది. ఒక్క పి.ఎక్స్.ఓ. 99-ఏ రకంలోనే ఇటువంటి టాల్ జన్యువులు 19 ఉన్నట్లు 2008లో తెలిసింది.

హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. లో రమేశ్ సొంటి బృందం ఈ బాక్టీరియా జన్యువులపై చాలా కాలం పనిచేసింది. బాక్టీరియా పైపొరలోని చక్కెరలను తయారుచేసే జన్యు సముదాయం ఒకే జాతిలోని వేర్వేరు రకాలలో పూర్తిగా వేరుగా ఉన్నదనీ, దానికి ఇరుపక్కల జన్యువులు మాత్రం ఒకటేననీ పాటిల్, సొంటి 2004లో ప్రకటించారు. మధ్యభాగం మరొక బాక్టీరియా నుండి వచ్చి చేరినదని దీని సూచన. ఇంత త్వరగా మారే శత్రువును ఒకే నిరోధక జన్యువుతో ఎదుర్కోవడం నిలకడలేని పని.

అందుచేత రెండు సంస్థలు కలిసి సాంబ మసూరిలోకి ఎక్స్.ఏ.21, ఎక్స్.ఏ.13, ఎక్స్.ఏ.5 అనే మూడు నిరోధక జన్యువులను డి.ఎన్.ఎ. గుర్తుల సహాయంతో, సంకరణం ద్వారా చేర్చాయి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చిన ఎక్స్.ఏ.21 బాక్టీరియా విడుదల చేసే ఒక చిన్న ప్రోటీను ముక్కను గుర్తుపడుతుంది. ఎక్స్.ఏ.13లో టాల్ ప్రోటీను కూర్చునే చోటు మారిపోయి ఉంటుంది కనుక ఆ చక్కెర ద్వారం తెరుచుకోదు. ఎక్స్.ఏ.5 టాల్ ప్రోటీనులకు వరి కణంలో అందవలసిన సహకారాన్ని తగ్గిస్తుంది. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం బాక్టీరియాకు కష్టం. ఈ వంగడం 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' పేరుతో 2008లో విడుదలైంది.

టాల్ ప్రోటీనులు డి.ఎన్.ఎ. ను ఏ సంకేతంతో చదువుతాయో 2009లో రెండు బృందాలు కనుగొన్నాయి. ప్రోటీనులోని ఒక్కొక్క పునరావృత భాగం ఒక్కొక్క క్షారాన్ని గుర్తిస్తుంది. భాగాల వరుసను మార్చి కోరిన జన్యువును కత్తిరించే 'టాలెన్' అనే సాధనాన్ని తరువాత రూపొందించారు.