గెలిచి దేశమును గోల్పోయిన సేనాని

యుద్ధమున గెలిచిన పక్షమున నిలిచియు స్వదేశమును గోల్పోవుట సంభవమా యని పాఠకులు సందేహింపవచ్చును. పోలండు దేశపు అశ్వసేనాని వ్లాదిస్లావ్ ఆండర్స్ చరిత్రము ఈ సందేహమును దీర్చును.

ఆతడు 1892లో జన్మించునాటికి పోలండు పేరు దేశపటమున లేదు. రుష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు దానిని పంచుకొని ఇంచుమించు శతాబ్దము గడచియుండెను. రుష్యా పాలబడిన సీమలో బుట్టిన ఆండర్స్ మొదటి ప్రపంచ సంగ్రామమున జారు చక్రవర్తి అశ్వదళమున బోరాడి గాయపడెను. పరుల జెండా క్రింద నేర్చిన విద్యను స్వజనులకై వినియోగించు భాగ్యము 1918లో పోలండు స్వతంత్రమైన పిమ్మట గలిగెను. బోల్షివిక్కులతోడి యుద్ధమున ఆతడు 15వ రౌతుల పటాలమునకు నాయకుడై కీర్తి గాంచెను.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పడమటినుండియు, 17న సోవియట్ రుష్యా తూర్పునుండియు పోలండుపై దండెత్తెను. ఆండర్స్ తన అశ్వదళముతో బోరాడుచు గాయపడి రుష్యనులకు జిక్కెను. మాస్కోలోని లుబియాంకా చెరసాల వానికి నివాసమయ్యెను. 1941 జూనులో హిట్లరు రుష్యాపై బడగనే నిన్నటి ఖైదీ నేటి మిత్రుడయ్యెను! పోలిష్ సైన్యమును గూర్చుటకై ఆగస్టులో వానిని విడిచిపుచ్చిరి. సామాన్య సైనికులు చింకిగుడ్డలతో వచ్చి చేరిరి గాని, వేలకొలది అధికారులు రాలేదు. వారేమైరని ఆండర్స్ స్టాలిన్‌నే యడిగెను. 1940లో కాటిన్ మొదలగు తావుల సుమారు 22,000 మంది పోలిష్ బందీలను సోవియట్ పోలీసులే కాల్చి చంపిరి. ఈ నేరమును మాస్కో 1990లో గాని యొప్పుకొనలేదు.

1942లో ఆండర్స్ తన సైన్యమును ఇరానుకు దాటించెను. అందు గొంతభాగము 1944లో ఇటలీలో మాంటీ కాసినో కొండ ముందు నిలిచెను. అంతకుముందు ఆ కొండకై మన 4వ భారతీయ డివిజను రక్తము ధారవోసియుండెను. మే 18న పోలండు వీరులు శిఖరమున తమ పతాకము నెత్తిరి. వేయికి బైబడిన సమాధు లచ్చట నేటికిని గలవు.

ఆ రక్తమునకు లభించిన మూల్యమేమి? 1945 ఫిబ్రవరిలో యాల్టాయందు రూజ్వెల్టు, చర్చిలు, స్టాలిన్ కూడి, పోలండును బిలువకయే, దాని తూర్పు సీమలను రుష్యాకు విడిచిరి. ఆండర్స్ సైనికులలో ననేకుల స్వగ్రామము లా సీమలలోనివే. అయినను ఆ సైన్యము పోరు మానక ఏప్రిల్ 21న బొలోనా నగరమును బ్రవేశించెను. 1946లో వార్సా యందలి కమ్యూనిస్టు ప్రభుత్వము ఆండర్స్ పౌరసత్వమును దీసివేసెను. ఆతడు 1970లో లండనులో ప్రవాసిగనే మరణించి, కాసినోలో తన సైనికుల నడుమ భూమిలో విశ్రమించెను.

1941లో వెలువడిన అట్లాంటిక్ ప్రకటన నాజీల పాలబడిన దేశములకు గాని ఇండియాకు గాదని చర్చిలు వాదించెను. పోలండు నాజీల పాలబడిన దేశమే గదా! దానికిని ఆ ప్రకటన యక్కరకు రాలేదు. వాగ్దానములను నమ్ముజాతులు వాగ్దాతల యవసరము దీరువరకే మిత్రులని మా యభిప్రాయము. ఆండర్స్ శౌర్యమున లోపము లేదు. తన దేశపు భవిష్యత్తు నిర్ణయమైన సభలో దానికి పీట లేకపోవుటయే లోపము.