మెత్తటిదాన్ని నిలబెట్టిన తొట్టి

1988లో టెక్సస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాబర్ట్ క్లీబ్ ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఇంకుకు బదులు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ ద్రావణం పోశాడు. జీవకణాలు అతుక్కోవడానికి పట్టు దొరికేలా చేసే ప్రొటీన్ అది. ప్రింటర్ ఎక్కడెక్కడ గీసిందో కణాలు అక్కడే అతుక్కున్నాయి. జీవకణాలతో అచ్చువేసే యంత్రం, అంటే బయోప్రింటర్, పుట్టుక అదే.

తర్వాత క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలాండ్ ఏకంగా కణాలనే ఇంకుగా వాడాడు. ఇలాంటి ప్రింటర్లలో చుక్కను బయటికి తోయడానికి ఒక చిన్న హీటర్ రెప్పపాటుకన్నా తక్కువ సమయంలో భగ్గున వేడెక్కుతుంది. కణాలు మాడిపోతాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ వేడి చుక్కంతా పాకేలోపే చుక్క బయటపడుతోంది. ఎక్కువ కణాలు బతికే ఉన్నాయి. ఈ పద్ధతికి 2006లో పేటెంట్ వచ్చింది.

చదునైన గీత గీయడం వేరు, ఎత్తు కట్టడం వేరు. గట్టి ప్లాస్టిక్ అయితే పొర మీద పొర వేసుకుంటూ పోవచ్చు. మన శరీరంలో కణాలకు ఆధారంగా ఉండే కొలాజెన్ అలా కాదు. ద్రావణంగా ఉన్నప్పుడు అది నీళ్లలా పారుతుంది. జంతికల పిండి జారుగా కలిస్తే చుట్ట ఎలా నిలవదో, దీనితో గోడ కట్టబోతే అలాగే కూలిపోతుంది. చిక్కగా చేద్దామంటే మరో చిక్కు: సన్నటి సూదిలోంచి గట్టిగా నొక్కితే ఆ ఒరిపిడికి కణాలు చచ్చిపోతాయి.

2015లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆడమ్ ఫైన్‌బర్గ్ బృందం ఇంకును మార్చకుండా, అది పడే చోటును మార్చింది. నా దృష్టిలో ఈ కథలో అసలైన మలుపు ఇదే. జెల్లీ చేసుకునే జెలటిన్‌ను గడ్డకట్టించి, వంటింటి మిక్సీలాంటి దానిలో తిప్పి, సన్నటి రేణువుల ముద్ద చేశారు. దాన్ని తొట్టిలో నింపి, సిరంజి సూదిని అందులోకి దించారు. సూది కదిలితే ముద్ద దారి ఇస్తుంది. సూది దాటిపోగానే వెనక మళ్లీ మూసుకుంటుంది. సూది వదిలిన దారం పడిన చోటే నిలుస్తుంది, కిందికి కుంగదు. పని పూర్తయ్యాక తొట్టిని 37 డిగ్రీలకు వేడి చేస్తే చాలు, జెలటిన్ కరిగిపోతుంది, అచ్చయిన ఆకారం మిగులుతుంది. అది మన ఒంటి వేడే కాబట్టి కణాలకు హాని లేదు. యంత్రం కూడా ఖరీదైనదేమీ కాదు. బజారులో దొరికే మేకర్‌బాట్ త్రీడీ ప్రింటర్‌కు సిరంజి బిగించి వాడారు.

2019లో ఇదే బృందం కొలాజెన్‌తో గుండె భాగాలు అచ్చువేసింది. ఆమ్లంలో కరిగి ఉన్న కొలాజెన్, తొట్టిలోని ద్రావణం ఆమ్లాన్ని తటస్థం చేయగానే గడ్డకట్టేలా చూశారు. దారాలు 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నదనానికి వచ్చాయి. గుండె కండర కణాలతో చేసిన ఎడమ జఠరిక నమూనా ఒక్క తీరుగా కొట్టుకుంది.

అలాగని ఇక గుండెలు అచ్చువేసుకోవచ్చని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. రక్తనాళానికి ఒకటి రెండు వందల మైక్రాన్ల కన్నా దూరంలో ఉన్న కణానికి ప్రాణవాయువు సరిగా అందదు. మందపాటి కండ అచ్చువేస్తే, నాళాల వల లేకపోతే, లోపలి కణాలు ఊపిరాడక చనిపోతాయి. ఆకారం కుదిరినంత మాత్రాన అవయవం కాదు.

అందుకే నా ఆశ ముందుగా కార్నియా మీద. కంటి ముందున్న ఆ పారదర్శక పొర మందం అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు ఉండవు. 2022లో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ పరిశోధకులు కలిసి కార్నియాను అచ్చువేసి కుందేలు కంట్లో అమర్చారు. ఇంకును కృత్రిమ పదార్థంతో చేయలేదు. మనిషి కార్నియాలోంచి కణాలన్నీ తొలగించి, మిగిలిన పదార్థంలో మనిషి కంటి మూలకణాలను కలిపారు.