సముద్రం కింద పెరుగన్నం

మా పారిస్ ప్రయాణం రోజు తెల్లవారుజామున అయిదింటికే అమ్మ లేచింది. లండన్‌లో మా చిన్న వంటింటి నిండా ఇంగువ పోపు వాసన. నిమ్మకాయ పులిహోర ఒక డబ్బాలో, పెరుగన్నం ఇంకో డబ్బాలో సర్దేసింది. అన్నం మెత్తగా మెదిపి, పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు గరిటెలే వేసింది, మధ్యాహ్నానికి పులవకూడదని. పైన అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు తిరగమోత. "రైల్లో పెరుగన్నం తినకపోతే మీ నాన్నకి ప్రయాణం చేసినట్టే ఉండదు" అంది మూత బిగిస్తూ.

ఆ పెరుగన్నం డబ్బాను ఫ్రాన్స్‌లోకి రానివ్వరని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పక తప్పలేదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి విడిపోయాక, 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ నుంచి వెళ్లే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు సమాఖ్య దేశాల్లోకి తీసుకెళ్లకూడదు. పెరుగు, నెయ్యి, పనీరు, కోడి పచ్చడి... ఏదైనా అంతే. పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది. అమ్మ కాసేపు ఆలోచించింది. "తీసుకెళ్లకూడదు గానీ, తినకూడదని లేదుగా? ఆ దేశం వచ్చేలోపు తినేద్దాం" అంది. ఆ మాటకు నా దగ్గర అభ్యంతరమేమీ లేదు.

పిల్లల్ని చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు, చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు, ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు... బ్రిటన్‌లోని తెలుగువాళ్లు ఏదో ఒక సెలవులో పారిస్ ప్రయాణం పెట్టుకుంటారు. మన దేశం నుంచి సరిహద్దు దాటే రైళ్లు ఇప్పుడు దాదాపు లేవు. లాహోర్ వైపు వెళ్లే సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019లో ఆగింది. కోల్‌కతా, ఢాకాల మధ్య నడిచిన మైత్రీ ఎక్స్‌ప్రెస్ 2024 జులైలో నిలిచిపోయింది. అందుకే దేశం దాటించే రైలెక్కడం మనలో చాలామందికి ఇక్కడే మొదటిసారి అవుతుంది. చిక్కంతా ఆ రైలు అన్న మాటతోనే. సికింద్రాబాద్‌లో బండి కదిలే ముందు పరుగెత్తి ఎక్కిన అలవాటు మనది. లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు దగ్గర అది పనికిరాదు. రైలు కంటే ముందు సరిహద్దు వస్తుంది.

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో ఆ సరిహద్దు కింది అంతస్తులో ఉంటుంది. 1868లో ఈ స్టేషన్ కట్టినప్పుడు రైలు పట్టాలు పైన, బర్టన్ ఊరి నుంచి వచ్చే బీరు పీపాల గోదాము కింద. ఇంజినీరు విలియం బార్లో ఇనుప స్తంభాల మధ్య దూరాన్ని ఆ పీపాల కొలతను బట్టే పెట్టించాడు. 2007 నవంబరు 14న వాటర్లూ స్టేషన్ నుంచి యూరోస్టార్ ఇక్కడికి మారాక ఆ గోదామే చెకిన్ హాలు అయింది. ముందు టికెట్ గేటు, తర్వాత సామాను తనిఖీ, ఆ తర్వాత ఫ్రెంచి పోలీసు కిటికీ. లండన్ నడిబొడ్డున కూర్చున్న ఫ్రెంచి అధికారే మన పాస్‌పోర్టు చూసి ఫ్రాన్స్‌లోకి అనుమతిస్తాడు. రెండు దేశాలూ ఒప్పందం రాసుకుని, ఒకరి గడ్డ మీద ఒకరు తనిఖీ జరుపుకుంటున్నాయి. కాబట్టి పారిస్‌లో దిగాక మళ్లీ పాస్‌పోర్టు వరుస ఉండదు.

సాధారణ టికెట్టు ఉన్నవాళ్లకు రైలు బయల్దేరే అరగంట ముందే గేటు మూసేస్తారు. తర్వాత బతిమాలినా తెరవరు. గంటన్నర ముందు చేరితే నిమ్మళంగా ఉంటుంది. పైగా 2025 అక్టోబరు 12 నుంచి ఐరోపా సమాఖ్య తన పౌరులు కానివారి రాకపోకలను కంప్యూటర్లో నమోదు చేయడం మొదలుపెట్టింది. ముఖం ఫొటో, వేలిముద్రల పని తోడవడంతో వరుస ఇదివరకటిలా చకచకా కదలదు.

అసలు తయారీ హైదరాబాద్‌లోనే మొదలవ్వాలి. మా మిత్రుడొకరి అమ్మానాన్నలు బ్రిటన్ వీసా ఉంటే ఫ్రాన్స్ కూడా చూడొచ్చనుకుని వచ్చారు. కొడుకు టికెట్లు కూడా కొనేశాడు. ఫ్రాన్స్‌కు వేరే వీసా, అంటే షెంగెన్ వీసా, కావాలని తెలిసేసరికి వారమే మిగిలింది. సందర్శక వీసా మీద లండన్ వచ్చినవాళ్లు షెంగెన్ వీసాకు సాధారణంగా ఇక్కడ దరఖాస్తు చేసుకోలేరు. సొంత దేశంలోనే చేసుకుని రావాలి. ఆ పెద్దాయన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదట. మంచి మనసుతో పెట్టుకున్న ప్రయాణం ఒక్క కాగితం దగ్గర ఆగిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

షెంగెన్ వీసాకు పెద్దవాళ్లకైతే 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా, తిరిగొచ్చే నాటికి ఇంకా మూడు నెలల గడువు మిగిలే పాస్‌పోర్టు... ఇవి తప్పనిసరి. ఆ పాస్‌పోర్టు పదేళ్లకు మించి పాతదై ఉండకూడదు. వీసా వచ్చాక, ఏ 180 రోజుల్లోనైనా 90కి మించి ఉండకూడదన్న లెక్కా మర్చిపోవద్దు. తిరిగి బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి ఇక్కడి వీసా కూడా చెల్లుతుండాలి. బ్రిటన్‌లో నివాసముంటున్న వాళ్లకు ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు బదులు ఈ-వీసా వచ్చింది. కొత్త పాస్‌పోర్టు తీసుకుని, దాని నంబరు ఆన్‌లైన్ ఖాతాలో మార్చకపోతే తిరుగు ప్రయాణంలో ఇబ్బంది.

సామాను విషయంలో విమానం కంటే ఇదే నయం. పెద్ద పెట్టెలు రెండు, చేతిసంచి ఒకటి తీసుకెళ్లొచ్చు. తూకం వేయరు. నీళ్ల సీసాకు 100 మిల్లీలీటర్ల ఆంక్ష లేదు. కాకపోతే మోసుకోవడం మనమే, కూలీలు దొరకరు. రైలు పదహారు బోగీలు, 400 మీటర్ల పొడవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే పెట్టెలు తగ్గించుకోవడమే మేలు.

ఇక తిండి. తాజా పండ్లు, కూరగాయలకు ధ్రువపత్రం అడుగుతారు. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డ్యూరియన్ పండ్లకు మాత్రం అక్కర్లేదు. అంటే గుడికి తీసుకెళ్లే కొబ్బరికాయ, అరటిపండ్లు పట్టుకెళ్లొచ్చు! పులిహోర, ఇడ్లీ, నూనెలో చేసిన కారప్పూస, మరమరాలు నిశ్చింతగా సర్దుకోవచ్చు. రైల్లో కెఫే ఉంది. అక్కడ శాకాహారం దొరికినా రకాలు కొద్దే. ఖరీదైన తరగతుల్లో సీటు దగ్గరికే భోజనం వస్తుంది. శాకాహారం కావాలంటే ముందే చెప్పుకోవాలి. నన్నడిగితే ఇంటి డబ్బాను మించింది లేదు.

మా రైలు పొద్దున పదిన్నర దాటాక కదిలింది. ఊరు దాటగానే గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంది. కెంట్ జిల్లా పచ్చిక బయళ్లు అలా వచ్చి అలా వెళ్లిపోయాయి. అరగంట దాటాక చెవులు కొద్దిగా మూసుకుపోయినట్టయి, కిటికీ నల్లబడింది. 50.45 కిలోమీటర్ల సొరంగం, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే. రెండు వైపుల నుంచీ సుద్దమట్టి పొరను తొలుచుకుంటూ వచ్చిన కార్మికులు 1990 డిసెంబరు 1న నడుమ కలుసుకున్నారు. 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ దాన్ని ప్రారంభించారు.

అమ్మ డబ్బా మూత తీసింది. నాన్నకు, నాకు స్టీలు గిన్నెల్లో పెట్టి, మాగాయ ముక్క అంచున వేసింది. "పైన సముద్రమేనా?" అని నాన్న పైకప్పు వైపు చూశారు. ఔనన్నాను. ఇంకేమీ మాట్లాడకుండా తినడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాల తర్వాత వెలుగు వచ్చేసరికి ఫ్రాన్స్ పొలాలు, ఖాళీ డబ్బా. గడియారాలు గంట ముందుకు తిప్పుకున్నాం. టికెట్టు మీద రాసిన దిగే సమయం పారిస్‌దే, అందుకే ప్రయాణం గంట ఎక్కువైనట్టు కనిపిస్తుంది. నిజానికి రెండుంపావు గంటలు, మహా అయితే రెండున్నర.

దిగేది గార్ దు నోర్ స్టేషన్‌లో. దాని వెనకే లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల దుకాణాలు, ఇడ్లీ దోశల హోటళ్లు. పెరుగన్నం మళ్లీ అక్కడే దొరుకుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఆకలితో ఎక్కాల్సిన పనిలేదు. అయితే పారిస్‌లో ఇష్టపడి కొన్న చీజు మాత్రం సంచిలో పెట్టుకోవద్దు. ఐరోపా పశువుల్లో గాలికుంటు వ్యాధి బయటపడడంతో, 2025 ఏప్రిల్ 12 నుంచి అక్కడి పాల పదార్థాలు, పశు మాంసం బ్రిటన్‌లోకి రాకుండా నిషేధించారు. వెళ్లేముందు నిబంధనలు మరోసారి చూసుకోండి, అవి మారుతూ ఉంటాయి. చెకిన్ గార్ దు నోర్‌లో పై అంతస్తులో ఉంటుంది. అక్కడికీ గంటన్నర ముందే చేరండి.