ఇల్లూ పట్టాలి, చుట్టాలూ పట్టాలి: ఎన్ని ఎం.ఎం. లెన్స్?

గృహప్రవేశం దగ్గర పడుతుంటే చాలామందికి వచ్చే సందేహం ఇది: ‘‘ఇల్లంతా ఫొటోలో పట్టాలి, ఇంటిముందు నిలబడే చుట్టాలంతా పట్టాలి. వైడ్ యాంగిల్ లెన్స్ కొందామనుకుంటున్నాం. ఎన్ని ఎం.ఎం. తీసుకోవాలి?’’ ఒక్క అంకెతో జవాబు చెప్పెయ్యొచ్చు. కానీ ఇంటికి కుదిరిన లెన్స్ మనుషులకు కుదరకపోవడానికి గట్టి కారణం ఉంది. అది తెలిస్తే ఆ అంకె మీరే చెప్పగలరు.

అసలు వైడ్ ఎందుకు? భవనం పెద్దదని కాదు, మనకు వెనక్కి జరిగే చోటు లేదని. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చూస్తే చార్మినార్ అంతటిది కూడా మామూలు 50 ఎం.ఎం. లెన్స్‌లో హాయిగా ఇమిడిపోతుంది. ఇరుకు వీధిలో ఉన్న మూడంతస్తుల ఇల్లు ఇమడదు. కాబట్టి ముందు కొలవాల్సింది ఇంటిని కాదు, ఎదురుగా ఉన్న ఖాళీని.

లెక్క సులువే. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 ఎం.ఎం., ఎత్తు 24 ఎం.ఎం. మీరు నిలబడ్డ దూరాన్ని 36తో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీది ఎం.ఎం. అంకెతో) భాగిస్తే ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. 4 మీటర్ల దూరం నుంచి 35 ఎం.ఎం. లెన్స్ 4 మీటర్ల పైచిలుకు చూస్తుంది, 24 అయితే 6 మీటర్లు, 16 అయితే 9 మీటర్లు. మీది చిన్న సెన్సార్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరా అయితే లెన్స్ మీది అంకెను ముందుగా 1.5తో హెచ్చవేయండి, కెనాన్ అయితే 1.6తో. కెమెరాతో పాటు వచ్చే 18–55 కిట్ లెన్స్‌లోని 18 అంటే నిజానికి 27 నుంచి 29 వరకు అన్నమాట.

వెడల్పు కంటే ఎత్తే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇంటి ఎత్తు 12 మీటర్లనుకుందాం, మీ కెమెరా నేలకు మీటరున్నర ఎత్తున ఉంది. కెమెరాను వాల్చకుండా నేరుగా పెట్టి 24 ఎం.ఎం.తో అడ్డంగా తీస్తే పిట్టగోడ దాకా పట్టడానికి 21 మీటర్లు వెనక్కి వెళ్లాలి. నిలువుగా తిప్పితే 14 చాలు. మన కాలనీ రోడ్లలో ఆ 14 కూడా దొరకదు. అందుకే అందరూ కెమెరాను పైకెత్తుతారు, ఎత్తగానే గోడలు పైన ఒకదానివైపు ఒకటి వాలిపోతాయి.

అది లెన్స్ లోపం కాదు. కెమెరాను వంచినప్పుడు సెన్సారూ గోడా సమాంతరంగా ఉండవు. ఇంటి పైభాగం కెమెరాకు దూరమై చిన్నగా పడుతుంది, కిందిభాగం పెద్దగా పడుతుంది. 50 ఎం.ఎం. లెన్స్‌ను వంచినా ఇదే జరుగుతుంది, వైడ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుందంతే.

దీనికి దారులున్నాయి. 16 ఎం.ఎం.తో కెమెరాను నిలువుగా, వాల్చకుండా పెడితే తొమ్మిదిన్నర మీటర్ల దూరం సరిపోతుంది. ఫొటోలో కిందిసగం ఉత్త రోడ్డే వస్తుంది, తర్వాత కత్తిరించుకోవాలి. లేదా కాస్త పైకెత్తి తీసి, కంప్యూటర్‌లో గోడల్ని నిలబెట్టుకోవచ్చు. ఆ దిద్దుబాటు ఫొటో మూలల్ని తినేస్తుంది కనుక ఇంటి చుట్టూ ధారాళంగా చోటు వదిలి తీయాలి. నాకు అన్నిటికంటే నచ్చేది పైసా ఖర్చులేని పద్ధతి: ఎదురింటివాళ్లనడిగి వాళ్ల మొదటి అంతస్తు బాల్కనీలోంచి తీయడం. కెమెరా ఇంటి నడుము ఎత్తుకు చేరుతుంది, దాన్ని వంచాల్సిన పనే ఉండదు.

ఖరీదైన దారి షిఫ్ట్ లెన్స్. ఇది సెన్సార్ కంటే పెద్ద బింబాన్ని వేస్తుంది. కెమెరాను కదల్చకుండా లెన్స్‌ను మాత్రమే పైకి జరపవచ్చు. 24 ఎం.ఎం. షిఫ్ట్ లెన్స్‌ను 9 ఎం.ఎం. పైకి జరిపితే ఆ 12 మీటర్ల ఇల్లు 12 మీటర్ల దూరం నుంచే పునాది మొదలు పిట్టగోడ దాకా నిటారుగా పడుతుంది. ఇది కొత్త కిటుకేమీ కాదు. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీనదయాళ్ కాలపు పెద్ద ప్లేట్ కెమెరాలు చాలావాటిలో లెన్స్ ఉన్న ముందు పలక పైకి జరిగేది. చిన్న ఫిల్మ్ కెమెరాల్లో ఆ వీలు పోయింది. 1962లో నికాన్ 35 ఎం.ఎం. షిఫ్ట్ లెన్స్ తెచ్చి దాన్ని తిరిగి ఇచ్చింది. భవనాల ఫొటోలే బతుకుతెరువైనవాళ్లు తప్ప మిగతావాళ్లు షిఫ్ట్ లెన్స్ కొనక్కర్లేదు.

మరి ఇంటికి ఇంత బాగా పనిచేసే 16 ఎం.ఎం. చుట్టాలకు ఎందుకు పనికిరాదు? గోడ చదును. సెన్సారూ చదునే. రెండూ సమాంతరంగా ఉన్నంతవరకు చదరపు కిటికీ ఫొటో మధ్యలో ఉన్నా మూలన ఉన్నా చదరంగానే పడుతుంది. మనిషి తల గుండ్రం. అంచున నిలబడ్డవారి తల నుంచి వచ్చే కాంతి సెన్సార్‌ను ఏటవాలుగా తాకుతుంది. సాయంత్రపు ఎండలో బంతి నీడ కోలగా సాగినట్టే ఆ తలా పక్కకు సాగుతుంది. సరిగ్గా పక్క అంచున ఉన్న తల 35 ఎం.ఎం.లో 12 శాతం, 24లో 25 శాతం, 16లో 50 శాతం వెడల్పవుతుంది. లెన్స్ ఎంత మంచిదైనా ఇది తప్పదు. గోడల గీతల్ని తిన్నగా ఉంచే గుణమే తలల్ని సాగదీస్తోంది. ఫొటోల్లో చివర నిలబడేది సాధారణంగా మొహమాటస్తులు, పనిలోంచి చివరి నిమిషంలో పరుగెత్తుకొచ్చినవాళ్లు. వాళ్ల ముఖాలే పాడవడం నాకు బాధగా ఉంటుంది.

దగ్గర నుంచి తీయడంలో మరో చిక్కు ఉంది. ముప్పైమంది, మూడు వరుసలు, వరుసకీ వరుసకీ మధ్య 80 సెంటీమీటర్లు అనుకోండి. వరుసకు పదిమంది, పక్కల ఖాళీతో కలిపి 6 మీటర్ల వెడల్పు. 16 ఎం.ఎం. అయితే మీరు 2.7 మీటర్ల దూరంలోనే నిలబడతారు. వెనక వరుసలోని తాతయ్య ముఖం ముందు కూర్చున్న మనవడి పక్కన మూడింట రెండొంతులు కూడా ఉండదు. 35తో 5.8 మీటర్లు వెనక్కి వెళితే ఆ తేడా ఐదింట ఒక వంతుకు తగ్గుతుంది. అందుకే గ్రూపుకు 35 అంటాను. చోటు బొత్తిగా లేకపోతే 24, అంతకు కిందికి వద్దు.

నిలబెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. రెండు చివర్లనూ కెమెరావైపు వంచి అర్ధచంద్రాకారంగా నిలబెట్టడం చాలామందికి అలవాటు. వైడ్ లెన్స్‌తో అలా చేస్తే చివరివాళ్లు కెమెరాకు దగ్గరై ఇంకా పెద్దగా కనిపిస్తారు. వరుస తిన్నగా ఉండాలి, రెండు పక్కలా ఒక్కో మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. జనం ఎక్కువైతే వరుస పొడవు పెంచకుండా మెట్ల మీద ఎక్కించండి.

ఎక్కువ కాంతి పట్టే ఎఫ్/1.4, ఎఫ్/1.8 లెన్స్‌ల మీద ఎక్కువ డబ్బు పెట్టాలా? ఈ పనికి అక్కర్లేదు. 35 ఎం.ఎం.ను ఎఫ్/5.6 దగ్గర పెట్టి 6 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు మూడున్నర మీటర్ల నుంచి ముప్పై మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. భవనానికి ఎఫ్/8, ట్రైపాడ్ చాలు. ఆ డబ్బు మూలల్లో కూడా చక్కగా చూసే ఎఫ్/4 జూమ్ మీద పెట్టండి: ఫుల్ ఫ్రేమ్‌కు 16–35 తరహాది, ఏపీఎస్-సీకి 10–18 తరహాది.

గుళ్లలోనూ ఇదే తర్కం నడుస్తుంది. లేపాక్షి మంటపంలో పైకప్పు చిత్రాలకు వైడ్ లెన్స్ చక్కగా కుదురుతుంది. కెమెరాను నిట్టనిలువుగా పైకి చూపిస్తే కప్పూ సెన్సారూ సమాంతరమే. రామప్ప గుడి మదనికలు మాత్రం ఒంపులు తిరిగిన శిల్పాలు. కిందికెళ్లి వైడ్‌తో తీస్తే ఆ ఒంపే చెడిపోతుంది. వెనక్కి జరిగి 85 ఎం.ఎం. వంటి లెన్స్ వాడాలి.

ఫోన్‌తో తీసేవాళ్లకూ ఇదే. 0.5 బటన్ నొక్కితే ఐఫోన్ వంటి ఫోన్లలో అది ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 13 ఎం.ఎం. లెన్స్. గుంపు ఫొటోకు 1 మీదే ఉంచి నాలుగడుగులు వెనక్కి నడవండి. ఏపీఎస్-సీ కెమెరా, 18–55 కిట్ లెన్స్ ఉన్నవాళ్లు ఆ లెన్స్‌ను 23 దగ్గర పెడితే గ్రూపుకు కావలసిన 35 వచ్చేసినట్టే. కొత్తది కొనే ముందు 18 దగ్గర పెట్టి ఇంటిముందు నిలబడి చూడండి. ఇల్లు పట్టకపోతే అప్పుడు 10–18 కొనండి.