మంచు ఉంది, మాన్‌స్టర్ ఉంది... మరి భయమేదీ?

ఎటు చూసినా తెల్లటి మంచు. మధ్యలో నాలుగు రేకుల గదులున్న ఓ రీసెర్చ్ స్టేషన్. అందులో ఏడెనిమిది మంది. తవ్వకాల్లో ఓ పెద్ద మంచుగడ్డ దొరుకుతుంది. దాని లోపల నల్లగా ఏదో నీడ. ‘దీన్ని కరిగించొద్దు’ అని ఒకరు మొత్తుకుంటారు. రెండో సీన్‌లోనే కరిగించేస్తారు!

ఈపాటికి మీకు సినిమా మొత్తం అర్థమైపోయి ఉంటుంది. నాకూ అర్థమవుతుంది. అయినా పోస్టర్ మీద మంచు, ఆ మంచులో ఓ రక్తపు మరక కనిపిస్తే చాలు, నా వేలు ఆగదు. రాత్రి పన్నెండైనా సరే, లైటార్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ప్లే నొక్కేస్తా. ధ్రువప్రాంతాల్లో జరిగే మాన్‌స్టర్ సినిమాలంటే అంత పిచ్చి నాకు. వాటిలో చాలావరకు తక్కువ ఖర్చుతో తీసినవే. చాలావరకు ఊరించి ఉసూరుమనిపించేవే. తెల్లారి ఆఫీసులో ఆవలింతలు తప్ప మిగిలేదేం ఉండదు.

డబ్బుల్లేక అలా తయారయ్యాయిలే అని సర్దిచెప్పుకోవచ్చు. పిండి కొద్దీ రొట్టె అంటారుగా! కానీ ఇన్ని చూశాక నాకైతే అది నిజం కాదనిపిస్తోంది.

దర్శకుడికి మంచే పెద్ద వరం

నిజానికి చేతిలో డబ్బుల్లేని దర్శకుడికి ఇంతకంటే మంచి జానర్ ఇంకోటి ఉండదు. జనం అక్కర్లేదు, ట్రాఫిక్ అక్కర్లేదు. ఒక బిల్డింగ్ సెట్, పది మంది నటులు ఉంటే చాలు. ‘పోలీసులకు ఫోన్ చేయొచ్చుగా?’ అని ప్రేక్షకుడు అడగడు. సిగ్నల్ ఉండదు మరి. ‘పారిపోవచ్చుగా?’ అనీ అడగడు. బయటికెళ్తే చలికే పోతారు. హారర్ కథలు రాసేవాళ్లు తలలు పట్టుకునే రెండు పెద్ద లాజిక్ సమస్యల్ని మంచే తీర్చేస్తుంది, అదీ ఫ్రీగా.

ఇదంతా సినిమావాళ్ల కల్పన కూడా కాదు. దక్షిణ ధ్రువం మీద అమెరికా వాళ్ల అముండ్‌సెన్-స్కాట్ స్టేషన్ ఉంది. ఫిబ్రవరిలో ఆఖరి విమానం వెళ్లిపోయిందంటే, మళ్లీ మామూలు రాకపోకలు మొదలయ్యేది అక్టోబర్ చివర్లోనే. మధ్యలో దాదాపు ఆరు నెలలు సూర్యుడే కనిపించడు. ఆ విమానం వెళ్లిపోయాక అక్కడ మిగిలినవాళ్లంతా కూర్చుని ఏ సినిమా చూస్తారో తెలుసా? ‘ద థింగ్’. అక్కడ అదో ఆనవాయితీ. ధైర్యం చూడండి!

అందరికీ తాత ఆ సినిమానే

1938లో జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ ‘హూ గోస్ దేర్?’ అనే చిన్న నవల రాశాడు. అంటార్కిటికా మంచులో దొరికిన గ్రహాంతర జీవి ఎవరినైనా అచ్చుగుద్దినట్టు అనుకరించగలదు. అంటే నీ పక్కన కూర్చుని టీ తాగుతున్నవాడు మనిషేనా, అదేనా? ఇదీ పాయింట్. 1951లో దీన్ని ‘ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’గా తీసినప్పుడు ఆ పాయింటే తీసేసి, కథను ఉత్తరధ్రువం వైపు మార్చి, జేమ్స్ ఆర్నెస్ అనే పొడుగాటి నటుడికి మాన్‌స్టర్ వేషం వేశారు.

1982లో జాన్ కార్పెంటర్ మళ్లీ అసలు పాయింట్‌కే వచ్చాడు. అదే ‘ద థింగ్’. బడ్జెట్ 1.5 కోట్ల డాలర్లు. అంటే ఇది చవక సినిమా కాదు. కానీ తర్వాత వచ్చిన చవక సినిమాలన్నీ దీన్ని చూసే వాత పెట్టుకున్నాయి కాబట్టి దీని సంగతి చెప్పుకోక తప్పదు. స్పీల్‌బర్గ్ ‘ఈటీ’ వచ్చిన రెండు వారాలకు విడుదలైంది. జనం ముద్దొచ్చే ఏలియన్ మాయలో ఉన్నారు. క్రిటిక్స్ ఉతికి ఆరేశారు. అమెరికాలో వసూలైంది సుమారు 1.96 కోట్ల డాలర్లు. క్లాసిక్ అని పేరొచ్చింది ఆ తర్వాతి ఏళ్లలో, వీడియో క్యాసెట్ల పుణ్యమా అని.

ఆ సినిమాలోని మాన్‌స్టర్‌ని తయారుచేసిన రాబ్ బాటిన్ అప్పటికి 22 ఏళ్ల కుర్రాడు. రబ్బరు, జిగురు, యంత్రాలతో అతను చేసిన పనిని ఇప్పుడు చూసినా కడుపులో తిప్పేస్తుంది. కానీ నన్ను నిజంగా వణికించిన సీన్ వేరు. కొందరు మనుషుల్ని సోఫాకు కట్టేసి ఉంటారు. గాజు పళ్లేల్లో వాళ్ల రక్తం ఉంటుంది. ఒకడు తీగను కాల్చి, ఒక్కొక్కరి రక్తంలో ముంచుతుంటాడు. ఎవడిది కదిలితే వాడు మనిషి కాదు. ఆ సీన్‌లో మాన్‌స్టర్ కనిపించడానికి ముందు గడిచే ఆ నిమిషాలకు పైసా గ్రాఫిక్స్ అక్కర్లేదు. మనుషుల ముఖాలు చాలు.

తర్వాత వచ్చినవాళ్లు మాన్‌స్టర్‌ని కాపీ కొట్టారు. ఆ ముఖాల్లోని అనుమానాన్ని వదిలేశారు. నా గొడవంతా ఇక్కడే.

ఫ్యాన్స్ డబ్బుతో తీసిన సినిమా

ఈ జానర్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ‘హార్బింజర్ డౌన్’. ఎందుకంటే ఇది ఎవరో నాలుగు డాలర్ల కోసం చుట్టేసింది కాదు. దీని వెనక ఓ న్యాయమైన కోపం ఉంది.

2011లో ‘ద థింగ్’కు ముందు జరిగిన కథ అంటూ అదే పేరుతో ఇంకో సినిమా వచ్చింది. దానికి అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్ జూనియర్ అనే ఇద్దరి కంపెనీ మాన్‌స్టర్లను తయారుచేసింది. ‘ట్రెమర్స్’, ‘ఏలియన్ 3’ లాంటి సినిమాలకు పనిచేసిన చేతులవి. నెలల తరబడి కష్టపడి కదిలే బొమ్మలు చేశారు. తీరా సినిమా విడుదలయ్యాక చూస్తే, వాళ్ల పనిలో చాలా భాగం మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ కప్పేశారు. తాము చేసిన అసలు బొమ్మలు సెట్‌లో ఎలా కదిలాయో వాళ్లు యూట్యూబ్‌లో పెట్టారు. చూసిన ఫ్యాన్స్ మండిపడ్డారు. ‘ఇంత బాగున్నదాన్ని ఎందుకు చెరిపేశారు?’ అని. నేను కూడా ఆ వీడియోలు చూసి ఆ సినిమాను తిట్టుకున్నవాడినే.

అప్పుడు గిల్లిస్ 2013లో కిక్‌స్టార్టర్‌లో జోలె పట్టాడు. ‘కంప్యూటర్ మాన్‌స్టర్ ఉండదు, అంతా చేత్తో చేసిందే చూపిస్తాం’ అన్నది మాట. అడిగింది 3.5 లక్షల డాలర్లు. వచ్చింది 3.8 లక్షల పైనే. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లరే. కానీ అది లాభం ఆశించి పెట్టిన డబ్బు కాదు. ఓ కళ బతకాలని మామూలు ప్రేక్షకులు జేబులోంచి తీసిచ్చిన డబ్బు.

2015లో సినిమా వచ్చింది. బేరింగ్ సముద్రంలో పీతలు పట్టే ఓడ. మంచుగడ్డలో ఇరుక్కున్న సోవియట్ కాలపు అంతరిక్ష నౌక శకలం. దాన్ని డెక్ మీదికి లాగుతారు. లోపల ఏముందో మీరు ఊహించుకోవచ్చు. కెప్టెన్‌గా ‘ఏలియన్స్’ ఫేమ్ లాన్స్ హెన్రిక్సన్. వినడానికి ఎంత బాగుంది!

చూస్తే... కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. చేత్తో చేసిన జీవులు నిజంగానే ఉన్నాయి. కానీ చీకటి, చకచకా మారిపోయే షాట్లు. ఏం కోసం ఇంత పోరాటం జరిగిందో అదే కంటికి సరిగా ఆనదు. పోనీ మనుషులైనా గుర్తుంటారా అంటే, అరగంట తర్వాత కూడా హెన్రిక్సన్, మనవరాలు తప్ప ఎవరి పేరూ నా బుర్రకు ఎక్కలేదు. వాళ్లు ఒకరినొకరు అనుమానించుకునే సీన్లు ఉన్నాయి, కానీ తీరిక లేనట్టు పరుగెత్తేస్తాయి. ఒకడు పోయినప్పుడు ‘అయ్యో’ అనిపించాలి కదా. ‘ఇంకెంతమంది మిగిలారు?’ అని లెక్క చూసుకున్నా.

అప్పుడు నాకు తట్టింది ఇది. చేత్తో చేసిన మాన్‌స్టరా, కంప్యూటర్ మాన్‌స్టరా అని మనం ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. 3.8 కోట్ల డాలర్లు పెట్టి 2011లో గ్రాఫిక్స్‌తో తీసిన సినిమా, దాంట్లో వందో వంతు చందాలతో మొదలై చేతి బొమ్మలతో వచ్చిన సినిమా... రెండూ ఒకే చోట జారిపడ్డాయి. రెండింట్లోనూ మాన్‌స్టర్ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా మనుషుల మీద పెట్టలేదు. గిల్లిస్ బృందానికి జరిగింది అన్యాయమే, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ అన్యాయం జరిగినంత మాత్రాన స్క్రిప్ట్ దానంతటదే బాగుపడదు కదా!

చివర్లో చూపించి చెడగొట్టారు

‘ద లాస్ట్ వింటర్’ 2006 నాటిది. దర్శకుడు లారీ ఫెసెండెన్. అలాస్కాలో చమురు తవ్వడానికి వెళ్లిన బృందం కథ. చాలావరకు ఐస్‌లాండ్‌లో తీశారు, కాబట్టి మంచు నిజమైన మంచే. మొదటి గంట అద్భుతం. ఏమీ కనిపించదు, అయినా ఒక్కొక్కరి మతి చలిస్తూ ఉంటుంది. భూమే పగబట్టిందేమో అనిపిస్తుంది. తీరా క్లైమాక్స్‌లో దుప్పుల దయ్యాల్లాంటి గ్రాఫిక్స్ ఆకారాలు పరుగెత్తుకొస్తాయి. అంతే, గంటసేపు పేరుకున్న భయం ఒక్క క్షణంలో కరిగిపోయింది. అయినా దీన్ని వదలొద్దంటాను.

2009లో వచ్చిన ‘ద థా’ ఇంకో రకం. కరిగిన మంచులోంచి ఏనుగు తాత మామత్ కళేబరం బయటపడుతుంది, దాంట్లోంచి పురుగులు. చర్మం కింద పురుగు పాకుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఒప్పుకుంటా. కానీ పోస్టర్ మీద పెద్దగా కనిపించే వాల్ కిల్మర్, సినిమాలో చుట్టపుచూపుగా వచ్చిపోతాడు. మిగతావాళ్లు తీసుకునే ప్రతి నిర్ణయం పురుగులకు అనుకూలంగానే ఉంటుంది!

ఇక నవ్వుకోవాలంటే 1957 నాటి ‘ద డెడ్లీ మాంటిస్’. ఉత్తరధ్రువపు మంచులోంచి విమానమంత గొల్లభామ లేస్తుంది. మొదట్లో రాడార్ స్టేషన్లు ఎలా కట్టారో డాక్యుమెంటరీలా పాఠం చెబుతారు. ఊరి జనం భయంతో పరుగెత్తే సీన్‌కి 1933 నాటి ‘ఎస్.ఓ.ఎస్. ఐస్‌బర్గ్’ అనే సినిమా ముక్కలు అతికించారు. జుగాడ్ మన దగ్గరే పుట్టిందనుకునేవాళ్లు ఇది చూడాలి.

డబ్బు లేకుండా భయపెట్టింది ఇది

తక్కువ ఖర్చుతో ఇదంతా కుదిరే పనేనా అంటే, కుదురుతుంది. ‘ద ఎక్స్-ఫైల్స్’ సీరియల్ మొదటి సీజన్‌లో 1993లో ‘ఐస్’ అనే ఎపిసోడ్ వచ్చింది. ఖర్చు తగ్గించాలనే ఉద్దేశంతోనే కథంతా ఒకే చోట జరిగేలా రాసుకున్నారు. అలాస్కాలో మంచు లోతుల్లోంచి తీసిన నమూనాలు, వాటిలో ఓ పురుగు. అది మనిషిలో చేరితే వాడు హంతకుడైపోతాడు. మాన్‌స్టర్ సైజు వానపామంత!

కానీ ముల్డర్, స్కల్లీ ఒకరి మీద ఒకరు తుపాకీ గురిపెట్టుకునే క్షణం ఉంటుంది చూడండి. అప్పటిదాకా ప్రాణానికి ప్రాణంగా ఉన్న ఇద్దరు అలా నిలబడితే, ఊపిరి బిగపట్టుకోవాల్సిందే. ముప్పావు గంట కూడా లేని ఎపిసోడ్ అది. అందులో చేసిందల్లా, ముందు మనకు ఆ మనుషుల మీద ఇష్టం కలిగించి, తర్వాత నమ్మకాన్ని లాగేయడం.

ప్లే నొక్కేముందు చూసుకోండి

ఇన్ని చూశాక నేను పెట్టుకున్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది.

నోట్లోంచి ఆవిరి వస్తోందా? డిసెంబర్‌లో లంబసింగి వెళ్తే మనకే వస్తుంది. ఉత్తరధ్రువంలో హీరోకి రాకపోతే ఎలా? 1951 సినిమా లోపలి సెట్లు లాస్ ఏంజెలెస్‌లో ఐస్ నిల్వచేసే ప్లాంట్‌లో వేశారు. కార్పెంటర్ అయితే స్టూడియో సెట్లనే చల్లబరిచాడు. చలిని నమ్మించలేనివాడు మాన్‌స్టర్‌ని ఏం నమ్మిస్తాడు!

చేతులకు గ్లవ్స్ ఉన్నాయా? తుఫానులో ఉత్త చేతులతో తుపాకీ పట్టుకుంటే ఆ సినిమాకో దండం.

పదిహేను నిమిషాలకు కనీసం ముగ్గురి పేర్లు గుర్తున్నాయా? లేకపోతే వాళ్లంతా మాన్‌స్టర్‌కి భోజనమే.

మాన్‌స్టర్ రాకముందే ఇద్దరి మధ్య ఏదైనా తేడా ఉందా? ఉంటే ఆశ ఉన్నట్టే. మంచులో మాన్‌స్టర్ ఎప్పుడైనా దొరుకుతుంది. పక్కవాడి మీద అనుమానాన్ని మాత్రం దర్శకుడే పుట్టించాలి.

ఈ వీకెండ్‌కి మొదలుపెట్టాలంటే ముందు ‘ఐస్’ చూడండి, తర్వాత ‘ద థింగ్’, ఆ తర్వాత ‘ద లాస్ట్ వింటర్’. ‘హార్బింజర్ డౌన్’ కూడా చూడాలనుకుంటే, అంతకుముందు గిల్లిస్ వాళ్ల వర్క్‌షాప్ వీడియోలు ఓ అరగంట చూడండి. రబ్బరు తోలుకు రంగులద్దే ఆ చేతుల్ని చూశాక సినిమా బాగుపడదు. కానీ ఆ చీకటి షాట్లలో ఒక్క క్షణం మెరిసే ముక్క కోసం ఎవరు ఎంత కష్టపడ్డారో మీకు తెలిసి ఉంటుంది. నేను రెండోసారి అలాగే చూశా, పూర్తిగా చూశా.