ఇంజను మార్చిన పిమ్మట, తిరుగుచుండియు అంటుకొనకున్నచో చూడవలసిన సంగతులు

చీమకుర్తి ప్రాంతపు మెట్ట పొలములలో మిరప, ప్రత్తి సాగుచేయు రైతులు, కరెంటు తీగ చేరని చోట్ల, బావినుండియో కుంటనుండియో కాలువనుండియో డీసెలు ఇంజనుతో నీరు తోడుకొందురు. పాత ఇంజను అరిగిపోయినప్పుడు దానిని దింపి, అదే దిమ్మెమీద వేరొకదానిని, తరచుగా ఒకరు వాడి విడిచినదానిని, బిగించుట కలదు. అమ్మినవాని యింట చక్కగా నడచిన ఇంజను, పొలమునకు వచ్చిన పిమ్మట హ్యాండిలుతో ఎంత త్రిప్పినను అంటుకొనకపోవచ్చును. మిరప పూతమీద నున్నప్పుడు తడి ఆలస్యమైనచో పూత రాలును. ఆ తొందరలో రైతు ఇంజనును పూర్తిగా విప్పించును. బాగుగా నున్న భాగములు కూడ ఇట్టి విప్పుటలో చెడుట కలదు. నిన్నటివరకు నడచిన ఇంజను ఒక్క ప్రయాణముతో అరిగిపోదు. దోషము సాధారణముగ దిమ్మెమీద మిగిలిన పాత సామానులోనో, ప్రయాణమునకై ఊడదీసి మరల బిగించిన చోటనో ఉండును.

డీసెలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు లేదు. జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ డీసెలు 1893లో పేటెంటు పొంది 1897లో నడిపి చూపిన పద్ధతి యిదియే: సిలిండరులోని గాలిని సుమారు 16వ వంతునకు అణచినచో అది 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిలు నూనెను మంచువలె చిమ్మగా తనంతట మండును. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కుట అందఱెఱిగినదే. కనుక కావలసినవి రెండే: బాగుగా అణగిన గాలి, సమయమునకు చేరిన నూనె. ఈ రెంటిలో ఏది లోపించెనో సైలెన్సరు మూతియే చెప్పును. ఒకరు త్రిప్పుచుండగా మఱియొకరు దానిని చూడవలెను. పొగ యేమియు రానిచో నూనె చేరుటలేదు. ఘాటైన తెల్లని పొగ వచ్చినచో నూనె చేరుచున్నది గాని మండుటలేదు.

పొగ రానిచో, ముందుగా ఇంజనును ఆపు మీట ఆపుస్థానములోనే యున్నదేమో చూడవలెను. ఇది నవ్వదగినట్లు తోచును గాని తరచుగా జరుగునది. పిదప ట్యాంకు ఎత్తును చూడవలెను. పాత ఇంజనునకు నూనెను పైకిలాగు చిన్నపంపు ఉండి, క్రొత్తదానికి లేకపోవచ్చును. అట్లయినచో ట్యాంకు అడుగు ఇంజెక్షను పంపుకంటె ఎత్తున ఉండవలెను. పాత ట్యాంకు అడుగున నీరు, మడ్డి ఉన్నచో తీసివేసి కడుగవలెను. గొట్టములు ఊడదీసి బిగించినందున లోపల గాలి పట్టియుండును. ట్యాంకు తిరుపును తెఱచి, ఫిల్టరుపై మరను కొంచెము వదులుచేసి, బుడగలు పోయి నూనె ధారగా వచ్చువఱకు ఉంచి బిగించవలెను. ఇంజెక్షను పంపు మరవద్దను అట్లే చేయవలెను. కడపట నాజిలు చేరు సన్నగొట్టపు నట్టును వదులుచేసి, నూనె వచ్చువఱకు త్రిప్పి బిగించవలెను. గాలి పూర్తిగా పోయినచో రెండు చుట్లకు ఒకసారి నాజిలువద్ద కిర్రుమను చప్పుడు వినబడును. నాజిలును బయటికి తీసి పరీక్షించునప్పుడు చిమ్ము నూనెకెదురుగా చేయి పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిపోటంతయే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తెల్లపొగ వచ్చుచున్నచో బెల్టును తీసివేసి త్రిప్పి చూడవలెను. పంపు బరువు మీదనున్నంతవఱకు చక్రము వేగమందుకొనదు, వేగము లేనిదే గాలి వేడెక్కదు. డీకంప్రెషను మీటను ఎత్తి, చక్రము వేగముగ తిరిగిన పిమ్మట దింపవలెను. మీట దింపి మెల్లగా త్రిప్పినప్పుడు చక్రము ఎదురుతన్ని వెనుకకు రావలెను. అట్లు రానిచో వాల్వు పట్టుకొనియుండవచ్చును, లేదా టాపెట్టుకు సందు లేకయుండవచ్చును. గాలి లోనికి వచ్చు మార్గమున ఒక చిన్న చెంచాడు ఇంజను ఆయిలు పోసి త్రిప్పగా ఎదురు హెచ్చినచో రింగుల లోపమని తెలియును. పాత సైలెన్సరునే తగిలించినచో అది తుప్పుతోను, కందిరీగల మట్టితోను పూడియుండవచ్చును. దానిని విప్పి ఒకసారి త్రిప్పిన సందేహము తీఱును.

వీనిలో ఏదియు కానిచో మెకానికును పిలువవచ్చును. అతనిని అడుగవలసిన మాట ఒకటి: ఇంజెక్షను పంపు క్రిందనుండు పలుచని రేకులు అన్నియు ఉన్నవా? దింపునప్పుడు ఒక రేకు జాఱిపోయినను నూనె చిమ్ము సమయము మాఱును. నెమ్మదిగా నడచు ఇంజనులలో ఆ సమయము పిస్టను పైకొనకు చేరుటకు సుమారు 20 డిగ్రీల ముందు. ఆ ఇంజను పుస్తకములోని అంకెయే ప్రమాణము.

మద్రాసు రాజధానిలో 20వ శతాబ్ది తొలి యేండ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దొర ప్రోత్సహించిన కాలపు నూనె ఇంజనులలో పెక్కింటిని, తల భాగమును దీపముతో కాచి నడిపించెడివారు. డీసెలు ఇంజనునకు అది పనికిరాదు. గాలి మార్గమువద్ద మండుచున్న గుడ్డను పెట్టుట, పెట్రోలు పోయుట మిక్కిలి అపాయకరము. పిస్టను పగులును, మనిషి కాలును. హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెను, చుట్టి పట్టరాదు. ఎదురుతన్నినచో మణికట్టు విఱుగును.

అంటుకొనిన పిమ్మట కొన్ని నిమిషములు బెల్టు లేకయే నడపి, చల్లబఱచు నీరు పాఱుచున్నదో లేదో చూచి, పిదప ఆపి బెల్టు తగిలించవలెను. క్రొత్త ఇంజను పాతదానికి వ్యతిరేకముగ తిరుగునదైనచో నీరు సరిగా ఎక్కదు. పంపుమీది బాణపు గుర్తును చూచి, అవసరమైనచో పట్టెడ బెల్టును అడ్డముగా మెలివేసి తగిలించినచో పంపు సరియైన వైపునకు తిరుగును.