ముట్లుడిగే సంధికాలం: రక్తపరీక్ష కాగితం ఏం చెబుతుంది?

నలభై దాటాక చాలామంది స్త్రీలకు బహిష్టు తేదీలు తప్పడం మొదలవుతుంది. ఒక నెల ఇరవై రెండో రోజుకే వస్తుంది, మరో నెల నలభై రోజులైనా రాదు. ఉన్నట్టుండి ముఖం, మెడ భగ్గుమంటాయి. అర్ధరాత్రి ఒళ్ళంతా చెమటతో మెలకువ వస్తుంది. “హార్మోన్ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా” అని ఎవరో సలహా చెబుతారు. రక్తం ఇస్తారు, కాగితం వస్తుంది. అందులో నాలుగైదు అంకెలు, పక్కన మామూలు హద్దులు, హద్దు దాటిన అంకెకు ఒక నక్షత్రం గుర్తు.

ఆ నక్షత్రం చూసి కొందరు “ఇక ముట్లుడిగాయి” అని తీర్మానించుకుంటారు. గర్భనిరోధం మానేస్తారు. నలభై ఏడేళ్ళ వయసులో అనుకోని గర్భం వచ్చే ప్రమాదం అలాగే ఉంటుంది. నక్షత్రం కనిపించనివారు “అంతా మామూలేనట, ఇదంతా నా భ్రమ” అనుకుని, చికిత్స ఉన్న బాధను ఏళ్ళ తరబడి మోస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. ఆ అంకెలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే, వాటిని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

వెనక్కి తిరిగి చూస్తేనే తెలిసేది

ముట్లుడగడం అంటే చివరి బహిష్టు. కానీ అది చివరిదని ఆ రోజున ఎవరికీ తెలియదు. వేరే కారణమేదీ లేకుండా వరుసగా పన్నెండు నెలలు బహిష్టు రాకపోతే, అప్పుడు వెనక్కి లెక్కబెట్టి “అదే చివరిది” అంటారు. పాశ్చాత్య దేశాల్లో దీని సగటు వయసు 51 ఏళ్ళు. మన దేశంలో అంతకంటే ముందే, దాదాపు 46-47 ఏళ్ళకు వస్తుంది. దానికి ముందు కొన్నేళ్ళపాటు సాగే ఒడుదుడుకుల దశే సంధికాలం.

ఈ ఒడుదుడుకులకు మూలం అండాశయంలో ఉంది. ఆడశిశువు తల్లి కడుపులో ఐదో నెలలో ఉండగా ఆమె అండాశయాల్లో 60-70 లక్షల అండకణాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10-20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యే అండాలు నాలుగైదు వందలే. మిగిలినవన్నీ లోలోపలే నశించిపోతాయి. ముట్లుడిగేనాటికి మిగిలేది వెయ్యి లేదా అంతకంటే తక్కువ. ప్రతి అండాన్నీ చుట్టి ఒక కణాల సంచి ఉంటుంది. దాన్నే పుటిక అంటారు. ఈస్ట్రోజన్ ముఖ్యంగా తయారయ్యేది ఎదుగుతున్న పుటికలోనే.

పిలుపు, జవాబు

మెదడు అడుగున బఠానీ గింజంత పీయూష గ్రంథి ఉంది. అది ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. “పుటికల్లారా, ఎదగండి” అని అండాశయానికి పంపే పిలుపు అది. పుటికలు ఎదుగుతూ ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజన్లలో ప్రధానమైనది), ఇన్‌హిబిన్ అనే రెండు హార్మోన్లను జవాబుగా పంపుతాయి. జవాబు అందగానే పీయూష గ్రంథి గొంతు తగ్గిస్తుంది.

ఇంట్లో పెద్దావిడ పిలిచిన పిలుపుకు వెంటనే “ఆఁ, వస్తున్నా” అని జవాబొస్తే ఆవిడ గొంతు మామూలుగానే ఉంటుంది. పలికేవారు లేకపోతే గొంతు పెరుగుతూ పోతుంది. రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. కొలవడమంటే ఆ గొంతు ఎంత పెద్దగా ఉందో కొలవడమే. అయితే కొలిచేది ఒక్క క్షణంలోని గొంతును మాత్రమే.

వయసు పైబడి పుటికలు తగ్గేకొద్దీ ముందుగా తగ్గేది ఇన్‌హిబిన్. అందువల్ల ఎస్ట్రడయాల్ ఇంకా మామూలుగా ఉండగానే ఎఫ్.ఎస్.హెచ్. అప్పుడప్పుడు పెరగడం మొదలవుతుంది. పెద్ద గొంతుతో పిలిచిన పిలుపుకు మిగిలిన పుటికలు ఒక్కోసారి అతిగా స్పందిస్తాయి. అప్పుడు ఎస్ట్రడయాల్ యౌవనంలో కంటే కూడా ఎక్కువగా ఉండొచ్చు. రొమ్ముల నొప్పి, అధిక రక్తస్రావం ఈ దశలో కనిపించడానికి ఇదొక కారణం. సంధికాలమంటే ఈస్ట్రోజన్ ఏకరీతిగా తగ్గిపోవడం అనే అభిప్రాయం సరైనది కాదు. అది ఎగిసిపడుతూ, దిగజారుతూ, చివరికి మాత్రమే శాశ్వతంగా తగ్గుతుంది.

ఒకే మనిషి, రెండు కాగితాలు

ఉదాహరణకు, 46 ఏళ్ళ ఒక స్త్రీకి యాభై రోజులుగా బహిష్టు రాలేదనుకుందాం. జూలైలో పరీక్ష చేయిస్తే ఎఫ్.ఎస్.హెచ్. 42, ఎస్ట్రడయాల్ 18 అని వచ్చాయి. పడుచు వయసులో బహిష్టు తొలి రోజుల్లో ఎఫ్.ఎస్.హెచ్. సుమారు 3-10 మధ్య ఉంటుంది. ముట్లుడిగినవారిలో 25 దాటి నూరు పైకి కూడా పోతుంది. కాబట్టి కాగితం చూస్తే “ముట్లుడిగాయి” అన్నట్టే ఉంది.

సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి ఎఫ్.ఎస్.హెచ్. 8, ఎస్ట్రడయాల్ 190. అంతా మామూలే అన్నట్టుంది. లేబొరేటరీ పొరపాటు చేసిందా? లేదు, రెండూ నిజమే. జూలైలో ఏ పుటికా పలకలేదు, గొంతు పెరిగింది. ఆ పిలుపుకు ఆగస్టులో ఒక పుటిక మేలుకుంది, ఎస్ట్రడయాల్ పెరిగింది, గొంతు తగ్గింది, బహిష్టు కూడా వచ్చింది. సంధికాలంలో ఇది సర్వసాధారణం.

దీన్నుంచి రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, ఒక్కసారి ఎఫ్.ఎస్.హెచ్. పెరిగినంత మాత్రాన ముట్లుడిగినట్టు కాదు. మామూలుగా ఉన్నంత మాత్రాన సంధికాలం మొదలుకానట్టూ కాదు. రెండోది, ఎఫ్.ఎస్.హెచ్.ను ఎస్ట్రడయాల్ పక్కన పెట్టి చదవాలి. ఎస్ట్రడయాల్ ఎక్కువగా ఉన్న రోజున ఎఫ్.ఎస్.హెచ్. అణిగి, చూడటానికి చక్కగా కనిపిస్తుంది.

ఈ కారణంగానే 2001లో అమెరికాలోని పార్క్ సిటీలో సమావేశమై, 2011లో సవరించిన దశల పట్టికలో నిపుణులు పెద్దపీట హార్మోన్ అంకెలకు కాక బహిష్టు తేదీలకే వేశారు. పక్కపక్కనున్న రెండు చక్రాల నిడివిలో ఏడు రోజులు, అంతకంటే ఎక్కువ తేడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే సంధికాలం మొదలైనట్టు. అరవై రోజులు, ఆపైన బహిష్టు రాని సందర్భాలు కనిపిస్తే చివరి దశలోకి అడుగుపెట్టినట్టు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లోనే, 45 దాటి ఈ లక్షణాలున్న స్త్రీకి నిర్ధారణ కోసం ఎఫ్.ఎస్.హెచ్. పరీక్ష చేయనక్కరలేదని చెప్పింది.

కాగితంలోని మిగతా వరుసలు

ప్రొజెస్టిరాన్: అండం విడుదలైందా లేదా అన్నది చెబుతుంది. దీన్ని తరువాతి బహిష్టుకు వారం ముందు కొలవాలి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే సాధారణంగా అండం విడుదలైనట్టు లెక్క. కానీ తరువాతి బహిష్టు ఎప్పుడో తెలియని స్త్రీకి “వారం ముందు” ఎలా పట్టుకుంటారు? తక్కువ అంకె వస్తే, రక్తం తీసిన రోజు సరైనది కాకపోయి ఉండొచ్చు.

ఎ.ఎమ్.హెచ్.: చిన్న పుటికల నిల్వను సూచిస్తుంది. సంతాన చికిత్సలో మందుల మోతాదు నిర్ణయించడానికి పనికొస్తుంది. వయసుతో ఇది తగ్గడం సహజం. ముట్లుడిగే తేదీని మాత్రం ఇది ఖచ్చితంగా చెప్పలేదు.

టి.ఎస్.హెచ్.: నిజానికి ఈ వయసులో ఎక్కువగా ఉపయోగపడేది ఈ వరుసే. థైరాయిడ్ మందగిస్తే అలసట, బరువు పెరగడం, అధిక రక్తస్రావం వస్తాయి. చురుకెక్కితే చెమటలు, గుండె దడ, నిద్రలేమి. ఇవన్నీ సంధికాలం వేషం వేసుకుని వస్తాయి. థైరాయిడ్ లోపానికి మంచి చికిత్స ఉంది కనుక దీన్ని వదిలిపెట్టకూడదు.

ప్రొలాక్టిన్: ఇది పెరిగినా బహిష్టులు ఆగిపోతాయి. కొన్ని మానసిక వ్యాధుల మందులు, కొన్ని వాంతుల మందులు కూడా దీన్ని పెంచుతాయి.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన చవకైన పరీక్షలు రెండున్నాయి: గర్భపరీక్ష, హిమోగ్లోబిన్. బహిష్టు తప్పిన నలభై అయిదేళ్ళ స్త్రీ గర్భవతి కావచ్చునన్న ఆలోచన ఇంట్లోవారికే కాదు, ఆమెకూ తట్టకపోవచ్చు. అధిక రక్తస్రావంతో వచ్చిన రక్తహీనత ఆమె ఆయాసానికి అసలు కారణం కావచ్చు.

అంకెను తారుమారు చేసేవి

ఎస్ట్రడయాల్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు. ఒక పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లో వంతు. ఇంత సూక్ష్మమైన కొలత సాధ్యమైంది 1950ల చివర రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రూపొందించిన పద్ధతి వల్ల. కొలవదలచిన హార్మోన్‌ను ప్రతిదేహాలతో పట్టి లెక్కించడం అందులోని సూత్రం. ఇందుకు యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెర్సన్ జీవించి లేరు. నేటి యంత్రాలు రేడియోధార్మికత బదులు కాంతిని వాడినా సూత్రం అదే.

ఈ యంత్రాల్లో చాలావాటిలో బయోటిన్ అనే విటమిన్‌ను బంధకంగా వాడతారు. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రల్లో ఇదే బయోటిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రోజుకు మనకు కావలసినది 30 మైక్రోగ్రాములే. రక్తంలో బయోటిన్ నిండిపోతే అలాంటి యంత్రంలో ఎఫ్.ఎస్.హెచ్., టి.ఎస్.హెచ్. ఉన్నదానికంటే తక్కువగానూ, ఎస్ట్రడయాల్ ఉన్నదానికంటే ఎక్కువగానూ కనిపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఈ మాత్రలు ఆపడం మంచిది. వేసుకుంటున్న సంగతి డాక్టరుకు, లేబొరేటరీకి చెప్పాలి.

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఎఫ్.ఎస్.హెచ్. అణిగిపోతుంది కనుక అప్పుడు చేసిన పరీక్షకు అర్థం లేదు. ప్రమాణాలు కూడా చూసుకోవాలి. కొన్ని లేబొరేటరీలు ఎస్ట్రడయాల్‌ను పికోగ్రాముల్లో, కొన్ని పికోమోల్స్‌లో ఇస్తాయి. 50 పికోగ్రాములు సుమారు 184 పికోమోల్స్‌తో సమానం. ఇది తెలియక రెండు కాగితాలు పక్కన పెట్టి “మూడు రెట్లు పెరిగింది” అని కంగారు పడవలసిన పనిలేదు.

పరీక్ష తప్పనిసరి అయ్యేది ఎప్పుడు?

నలభై లోపు బహిష్టులు ఆగిపోతే లేదా బాగా గతి తప్పితే పరీక్ష తప్పక చేయించాలి. అండాశయాలు అకాలంగా పనిమానేస్తే ఎముకలు, గుండె చిన్న వయసులోనే దెబ్బతింటాయి. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో రెండుసార్లు ఎఫ్.ఎస్.హెచ్. చూడటం వాడుకలో ఉన్న పద్ధతి. 40-45 మధ్య వయసులో లక్షణాలుంటే డాక్టరు అవసరాన్ని బట్టి చేయిస్తారు.

మన రాష్ట్రాల్లో మరో సమస్య ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. వీరికి బహిష్టు తేదీలనే ఆధారం లేదు. అండాశయాలు ఉంచితే అవి పనిచేస్తూనే ఉంటాయి, అయితే కొన్నేళ్ళు ముందుగా ఆగిపోవచ్చు. రెండూ తీసేస్తే ముట్లుడగడం ఆ రోజే జరిగిపోయినట్టు. అలాంటప్పుడు సహజ వయసు వచ్చేవరకు హార్మోన్ చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడాలి. చాలామందికి తమ అండాశయాలు ఉన్నాయో తీసేశారో తెలియదు. ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం వెతికి చూడండి. అది ఎఫ్.ఎస్.హెచ్. కాగితం కంటే విలువైనది. ఇంకా ఆపరేషన్ కానివారు ఒకటి గుర్తుంచుకోవాలి: సంధికాలంలో బహిష్టు గతి తప్పడం ఒక్కటే గర్భసంచి తీయించుకోవడానికి కారణం కాదు.

మీరు చేయగలిగింది

ఇంట్లో క్యాలెండరు మీద బహిష్టు మొదలైన రోజు, ఆగిన రోజు గుర్తుపెట్టండి. రక్తస్రావం ఎంత ఉందో, ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి ఏ రోజుల్లో వచ్చాయో రాయండి. ఆరు నెలల ఈ లెక్క ఒక్కరోజు తీసిన రక్తం కంటే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. పరీక్ష చేయిస్తే ఆ కాగితం మీద, చక్రంలో ఎన్నో రోజున రక్తం ఇచ్చారో, ఏ మందులు వాడుతున్నారో రాసి ఉంచండి.

గర్భనిరోధం విషయంలో అంకెను నమ్మి మానేయకండి. యాభై లోపు చివరి బహిష్టు వస్తే ఆ తరువాత రెండేళ్ళు, యాభై దాటాక వస్తే ఏడాది కొనసాగించాలన్నది నిపుణుల సలహా. పన్నెండు నెలలు ఆగిపోయాక మళ్ళీ ఎర్రచుక్క కనిపించినా, బహిష్టుకీ బహిష్టుకీ మధ్య లేదా కలయిక తరువాత రక్తం కనిపించినా హార్మోన్ కాగితం కోసం చూడకుండా వెంటనే వైద్యపరీక్ష చేయించుకోవాలి. గర్భసంచి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను తొలిదశలో పట్టుకునే అవకాశం అక్కడే ఉంది.

ఇక ఆవిర్లకు, నిద్రలేమికి ఇచ్చే చికిత్స అంకెను చూసి ఇచ్చేది కాదు, బాధను చూసి ఇచ్చేది. అంకెలు మామూలుగా ఉన్నా మీ బాధ నిజమే. ఆ మాట డాక్టరు దగ్గర గట్టిగా చెప్పండి.